ఎడమ చెంప మొద్దుబారేలోగా

పై వరసలో ఎడమవైపు మూడు చోట్ల సూది గుచ్చి, పది వేళ్ళు చూపించి, ఆ పది వేళ్ళే ఇంకోసారి చూపించి, డాక్టరు చేతి తొడుగులు ఊడదీసి బుట్టలో పడేసి వెళ్ళిపోయాడు. ఇరవై నిమిషాల్లో వస్తాననా, లేక పది నిమిషాలకొకసారి వచ్చి పొడుస్తూనే ఉంటాననా, అడుగుదామంటే టైలరక్కకు ఆ దేశపు భాష రాదు, వచ్చినా నోట్లో రెండు దూది ఉండలున్నాయి. గోడ గడియారంలో పదీ అయిదు. ఇరవై నిమిషాలే అనుకుందాం, పదీ ఇరవై అయిదుకల్లా ఈ చెంప చెక్కైపోతుంది, కుడి చెంపకూ సూది పడుతుంది, ఆ తర్వాత పళ్ళెంలో నీలం గుడ్డ కప్పి ఉంచిన మర తీసి ఎనిమిది పళ్ళు అరగదీస్తాడు. ఎనిమిదీ ముందు పళ్ళే. అందులో విరిగింది ఒక్కటి. మిగతా ఏడూ ఏం పాపం చేశాయని? అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు, ఈ సంగతి టైలరక్కకు ఎవరూ చెప్పక్కర్లేదు, పొడుగు ప్యాంటు పొట్టి చేయడానికి ఎవరైనా చాలు, పొట్టిదాన్ని పొడుగు చేయాలంటే మడతలో గుడ్డ మిగిలుండాలి, పన్నుకి మడత ఎక్కడుంది. లేచి పోవాలంటే ఇప్పుడే లేవాలి. లేస్తే కట్టిన అడ్వాన్సు తిరిగి రాదట, వదినే చెప్పింది, అన్నీ వదినే చెప్పింది.

వీధిలో అందరికీ ఆవిడ టైలరక్కే, మొగుడు కూడా నలుగురిలో ఉన్నప్పుడు అలాగే అంటాడు, ఇంట్లో మాత్రం అనుమానప్పక్షి అంటాడు. అననీ. అనుమానం ఆవిడకు పుట్టుకతో రాలేదు, పనితో వచ్చింది. రెండు మీటర్లని తెచ్చిన గుడ్డని కొలవకుండా తీసుకున్న రోజు లేదు, తడిపితే కుంచించుకుపోదని ఒట్టేసి చెప్పినా తడిపి ఆరేయకుండా కత్తెర పెట్టిన రోజు లేదు. ఆది చొక్కా ఇచ్చి ఇలాగే కుట్టమన్నవాడిని కూడా నిలబెట్టి టేపు చుట్టందే వదలదు, ఎందుకంటే ఆది చొక్కా నాటి మనిషి వేరు, ఇవాళ్టి పొట్ట వేరు. అలాంటి మనిషి ఇవాళ కొలతా లేకుండా తడపడమూ లేకుండా తన నోరు తీసుకొచ్చి ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టింది. ముక్కూ మొహం తెలియకపోవడం మాట వరసకు కాదు, నిజంగానే తెలియదు, మూతికి గుడ్డ, కళ్ళకు అద్దాలు, తలకు టోపీ. నిన్న నోరు చూసినవాడికి గుడ్డ కింద నుంచి గడ్డం తొంగిచూసింది. ఇవాళ సూది పొడిచినవాడికి గడ్డం లేదు. రాత్రికి రాత్రి గీసుకున్నాడా, మనిషే మారాడా?

ఆ ఒక్క పన్ను విరగడం దాని తప్పేం కాదు, తప్పు తనదే. చలికోటుకి గుండీ కుట్టి, నైలాను దారం కొరికింది. కత్తెర మూరెడు దూరంలో ఉంది. ముప్పై ఏళ్ళుగా కత్తెర మూరెడు దూరంలోనే ఉంటోంది, దారాలు మాత్రం పళ్ళే కొరుకుతున్నాయి, పై పళ్ళ అంచున దారం పట్టేంత గాడి పడిపోయింది, నాలుకతో తడిమితే తగిలేది, ఇప్పుడు తడిమితే తగలట్లేదు, మందెక్కుతున్నట్టుంది, లేదు లేదు, తగిలింది, కొంచెం దూరం నుంచి ఎవరి పన్నో తగిలినట్టు తగిలింది. వీధి చివరి పళ్ళడాక్టరు ఆ గాడి చూసి నవ్వాడు. టైలర్లకి ఉంటుందమ్మా ఇది, రోగమేం కాదు, ఇంకో ముప్పై ఏళ్ళు వస్తాయి ఈ పళ్ళు, విరిగినదానికి తొడుగేసుకుంటే చాలు అన్నాడు. ఎప్పుడో పీకించుకున్న రెండు దవడ పళ్ళ చోట కొత్తవి కూడా పెట్టుకుంటే మంచిదన్నాడు. అంతవరకూ బాగానే ఉంది, ఆ తర్వాత రేటు చెప్పాడు. కొట్టు ఏడాది అద్దె! ఆ మధ్యే ఆయన కొత్త కుర్చీ కొన్నాడు, ఎర్రది, మీట నొక్కితే దానంతటదే లేచి పడుకునేది. ఆ కుర్చీ వాయిదాలు నా పళ్ళతో కట్టిస్తున్నాడనుకుంది టైలరక్క, అనుకున్నది మొగుడితో అంది, మొగుడు వాళ్ళక్కతో అన్నాడు. ఆ ఇంట్లో ఏ మాటైనా ఆ దారినే పోతుంది.

వాళ్ళక్కంటే టైలరక్కకు వదిన, ఇంటికి పెద్దాడపడుచు, ప్రభుత్వాఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైంది. చీపురు కొన్నా మూడు కొటేషన్లు తెప్పించే మనిషి. పోయినేడాది తన ముందు పళ్ళు నాలుగు పుచ్చిపోతే మూడు దేశాల నుంచి కొటేషన్లు తెప్పించి, వాటిని ఫైల్లో వరసగా పెట్టి, తక్కువ రేటువాడి కింద ఎర్ర గీత గీసి, ఒంటరిగా విమానమెక్కి వెళ్ళి తెల్లటి నాలుగు పళ్ళతో తిరిగొచ్చింది. వచ్చిన వారం అందరినీ పిలిచి నవ్వి చూపించింది. మా అక్క తన పెళ్ళిలో కూడా ఇంత నవ్వలేదన్నాడు మొగుడు. ఆ ఫైలే టైలరక్క ముందు పెట్టి, "ఇక్కడివాడికిచ్చే దాంట్లో సగమే. టికెట్టు కలుపుకున్నా సగమే. నేను దగ్గరుండి చేయించుకొస్తానే, నీకెందుకు" అంది. దూరపు కొండలు నునుపని టైలరక్కకు తెలియక కాదు. కూర్చుని లెక్క వేసింది కూడా, టికెట్టు, పది రోజుల గది, పది రోజులు మూసిన కొట్టు, ఆ పది రోజుల్లో పక్క వీధివాడు ఎత్తుకుపోయే గిరాకీ, దవడ పళ్ళ కోసం నాలుగు నెలలకు ఇంకో టికెట్టు, అది వదిన ఫైల్లో లేదు, అడిగితే అప్పటి సంగతి కదే అంది. అన్నీ కలిపినా ఏడాది అద్దె కాస్తా ఎనిమిది నెలలకు దిగింది. అప్పుడే అనుమానం రావలసింది. చౌకగా కుట్టేవాడు కుట్టు దూరం దూరంగా వేస్తాడు, చూడ్డానికి తెలియదు, వంగినప్పుడు తెలుస్తుంది.

పక్క గదిలో మర కూసింది. ఆగింది. మళ్ళీ కూసింది, ఈసారి గొంతు మారింది, మెత్తటిది పోయి గట్టిది తగిలినట్టు. ఎవరి పన్నో. కిటికీ అవతల ఎదురు మేడ మీద ఒకాయన చొక్కాలు ఆరేస్తున్నాడు, భుజాల దగ్గర క్లిప్పు పెడుతున్నాడు, భుజం దగ్గర పెట్టకూడదు, కింద అంచున పెట్టాలి, చెప్పేవాళ్ళు లేరు. ఈ ఆసుపత్రి చెప్పుల దుకాణం మీద మూడో అంతస్తు, కింద నుంచి కొత్త తోలు వాసన, పైన లవంగ నూనె వాసన. గది గోడ మీద పదహారు ఫోటోలు, పదహారు మంది నవ్వుతున్నారు, పదహారు మందిదీ ఒకటే నవ్వు. అదే ఆవిడకు మొదట్లోనే గుచ్చుకుంది. అంత వెడల్పు మొహమాయనకూ, ఆ బక్క పిల్లకూ అవే పళ్ళు, అదే పొడుగు, అదే తెలుపు, గోదాములో మూట విప్పి తలా ఒకటి తొడిగినట్టు. తను ముప్పై ఏళ్ళలో ఒకే కాలరు ఇద్దరికి వేయలేదు.

ఒకటి ఎనిమిదెలా అయింది? నిన్న అయింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, నోట్లో గొట్టం, చిన్న అద్దం పెట్టి, ఒక అమ్మాయి ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఆ పిల్ల వాళ్ళ భాషలో ఫోనుతో మాట్లాడితే ఫోను మన భాషలో టైలరక్కతో మాట్లాడుతుంది. పేరు నోరు తిరగక ఆవిడ ఫోనమ్మాయి అని పెట్టుకుంది. "ఒక్క పన్ను చేస్తే రంగు కలవదు. ఎనిమిది చేస్తే అందం. మీరు ఎలాగూ వచ్చారు కాబట్టి ప్రత్యేక ధర" అంది ఫోను, నిద్రలో మాట్లాడినట్టు. ఎలాగూ! ఆ మాట వినగానే టైలరక్క గుర్తుపట్టింది, ఎందుకంటే అది తన మాట. లైనింగు వేయిస్తే నిలుస్తుందండీ, ఎలాగూ కుట్టిస్తున్నారు కదా. జేబులు రెండు పెట్టిస్తే బాగుంటుంది, ఎలాగూ మిషను మీదే ఉంది కదా. ఎలాగూ అన్న ఒక్క మాట మీద ఎన్ని కొట్లు నడుస్తున్నాయో ఆవిడకు తెలుసు, తన కొట్టు గోడలకు రంగు వేయించిందే ఆ మాట. తెలిసి కూడా పడింది, పడలేదు, పడేశారు, కాదు, తన నోరే పడేసింది. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని పని చేసే మనిషి గిరాకీతో ఎలా మాట్లాడుతుంది? మంగళవారానికి ఇస్తావా అక్కా? ఊఁ. కాస్త వదులు పెడతావా? ఊఁ. ఆ ఊఁకి అర్థం విన్నానని, సరేనని కాదు. వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, టైలరక్క నోట్లో సూదులుండగా అన్నది లెక్కలోకి రాదు, సూదులు తీసి గుచ్చాక మళ్ళీ అడగాలి. ఫోనమ్మాయికేం తెలుసు? ఎనిమిది చేద్దామా? ఊఁ. బాగా తెల్లటివా? ఊఁ. రేపు ఉదయమేనా? ఊఁ. ఫోను మీద వేలితో టకటకా గుర్తులు పెట్టేసుకుంది. గొట్టం తీసేసరికి తొమ్మిది పేజీల కాగితం, దాని మీద కలం. ఇదేంటి, నేనెప్పుడు ఒప్పుకున్నానని టైలరక్క అడగబోయింది, పక్కన నిలబడ్డ వదిన "పెట్టవే సంతకం, నేనూ ఇదే పెట్టాను, వాళ్ళకి టైమవుతోంది" అంది. పెట్టింది. కొత్త దేశం, కొత్త గది, నలుగురూ తననే చూస్తున్నారు, ఇరవై ఎనిమిదేళ్ళుగా వదిన మాటకు అడ్డు చెప్పని అలవాటు. సంతకం పెట్టాక చూస్తే అక్కడ టైమైపోతున్నవాళ్ళెవరూ లేరు, ఫోనమ్మాయి గోళ్ళు చూసుకుంటోంది. మరి వదినకెందుకా తొందర?

పదీ పదకొండు. పై పెదవి బరువెక్కింది, తనది కానట్టుంది. ఇవి వేసుకుని ఇంటికి వెళ్ళాక ఒకటి కదిలిందే అనుకో. అయిదేళ్ళ గ్యారంటీ అంది ఫోను. గ్యారంటీ అంటే ఊడిన పన్ను పొట్లం కట్టుకుని మళ్ళీ టికెట్టు కొనుక్కుని, మళ్ళీ గది తీసుకుని, మళ్ళీ కొట్టు మూసి రావడం, వస్తే పన్ను మాత్రం ఊరికే అతికిస్తారు. రాకపోతే వీధి చివరాయన దగ్గరికి వెళ్ళాలి. ఆయన ముట్టుకుంటాడా? తను ముట్టుకుంటుందా? ఎవరో బయటూళ్ళో చౌకగా కుట్టించుకొచ్చిన కోటు చంక పిగిలిందని తెస్తే లోపల తిప్పి చూసి, ఎవరు కుట్టారో వాళ్ళ దగ్గరికే పొమ్మని ఎన్నిసార్లు అనలేదు. ఇంకొకడి కుట్టు విప్పడం మొదలుపెడితే ఏ దారం ఎక్కడ తేలుతుందో, చివరికి చెడగొట్టింది మనమే అవుతాం. పళ్ళ లోపల ఏ దారముందో, చిగుళ్ళు వాస్తే విమానంలో ఏమవుతుందో, చీము పడితే ఏ భాషలో చెప్పుకోవాలో, అవన్నీ వదిన ఫైల్లో ఏ పేజీలో ఉన్నాయో. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. సరే, లేచి పోతే? అడ్వాన్సు పోయింది, టికెట్టు పోయింది, విరిగిన పన్ను మొనదేలి నాలుకను కోస్తూనే ఉంటుంది, గిరాకీ వచ్చి మాట్లాడుతూ మాట్లాడుతూ మొహం మీంచి కళ్ళు నోటి మీదికి దించుతుంది, అది ఆవిడకు ఎంత అవమానంగా ఉంటుందో మొగుడికి కూడా చెప్పలేదు. పెదవి మూసి నవ్వడం నేర్చుకుంది ఈ నాలుగు నెలల్లో. ఇంటికెళ్తే మళ్ళీ వీధి చివరాయన, ఎర్ర కుర్చీ, ఏడాది అద్దె. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి, అని తనలో తనే అనుకుంటే నవ్వొచ్చింది, నవ్వు కుడివైపే వచ్చింది, ఎడమవైపు రాలేదు.

వదిన తొందరకి కారణం వెతుక్కోనక్కర్లేదు, లిఫ్టు పక్కనే బోర్డు ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని నవ్వుతుంటారు, మధ్యలో రిబ్బను కట్టిన పెట్టె. భాష రాకపోయినా బొమ్మ వచ్చు కదా. ఒకరిని తెస్తే ఒక పెట్టె. పెట్టెలో ఏముంటుందో ఏమో. చీపురుకు మూడు కొటేషన్లు తెప్పించే మనిషి, సొంత డబ్బు పెట్టి టికెట్టు కొనుక్కుని, తమ్ముడి పెళ్ళానికి తోడు వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? విమానం దిగిన రోజు సాయంత్రమే "కాస్త మందులు కొనుక్కొస్తానే" అని వెళ్ళి ఇక్కడికే వచ్చింది, చెప్పుల దుకాణం సంచీ చూసి టైలరక్క పట్టేసింది, అడిగితే చెప్పులు చూద్దామని ఆగానంది, సంచీలో చెప్పుల్లేవు. నిన్న ఫోనమ్మాయితో గుసగుసలు, తను వెళ్ళగానే ఇద్దరూ నోళ్ళు మూశారు. సంచీలో మడిచిన కాగితం ఒకటి ఉంది, పళ్ళ వరస బొమ్మ, నాలుగింటి చుట్టూ ఎర్ర సున్నాలు, పక్కన ఏదో రాసి, కింద వదిన సంతకం. నాలుగంటే సగం. ఎనిమిదిలో సగం వాటా. అంతేనా, నా పళ్ళ మీద వాటా? ఈవిడకు ఇది ఇవాళ కొత్తేం కాదు, తన పెళ్ళైన కొత్తలో ఆఫీసు కిటికీలకు తెరలు కుట్టించాలని మూడు కొటేషన్లు తెప్పించి, అందులో తమ్ముడి పెళ్ళాం కొటేషను రెండోదైందని ఆర్డరు ఇంకొకరికిచ్చిన మహాతల్లి. రూలంటే రూలు. ఇంటికొచ్చి ప్రతి బట్ట తిరగేసి లోపలి కుట్టు చూసేది. కానీ, ఇది కూడా మర్చిపోకూడదు, మిషను సూది వేలిలో దిగి పట్టీ కట్టించుకున్నప్పుడు, స్కూళ్ళు తెరిచే ముందు, నలభై జతల యూనిఫాంలు ఇవ్వాల్సి ఉన్నప్పుడు, అడక్కుండా సెలవు పెట్టి కొట్లో కూర్చుంది ఇదే వదిన. గుండీ కుట్టడం రాదు, రాదని ఒప్పుకోదు, కుట్టినవి కుట్టినట్టే ఊడాయి, ప్రతి పిల్లాడి తల్లికీ మూడు కాపీల రసీదు రాసి సంతకం తీసుకుంది. తప్పు ఒప్పుకోవడం ఆవిడ సర్వీసులోనే లేదు. ఫైలు మీద సంతకం పడ్డాక అది సరైనదే.

పదీ పద్దెనిమిది. ఎదురు మేడాయన చొక్కాలైపోయి దిండు గలీబులు ఆరేస్తున్నాడు. సరైనదే. నాలుగు తెల్లటి పళ్ళు, సరైనవే. సరైనవైతే వచ్చిన వారం అంత నవ్విన మనిషి తర్వాత ఎందుకు నవ్వలేదు? కొట్లోకి వచ్చినప్పుడల్లా యాపిల్ పండు చక్రాల్లా తరిగి డబ్బాలో తెచ్చుకునేది, అంతకుముందు కొరుక్కుని తినే మనిషి, అడిగితే వయసొచ్చిందే, మెల్లగా తినాలంది. బిస్కెట్టు టీలో ముంచి ముంచి మెత్తబడి కప్పులో పడిపోయేదాకా ఉంచేది. మంచినీళ్ళు ఫ్రిజ్జులోవి వద్దు, కుండలోవీ వద్దు, కాచి చల్లార్చినవి, అవీ ఒక దవడకి పట్టి మింగేది. ఇదంతా చూసింది, చూసి, డాబు అనుకుంది, విదేశీ పళ్ళొచ్చాయని సుకుమారం అనుకుంది. ఏడాదిగా ఫోటోల్లో మూతి ముడుచుకునే ఉంది. విమానంలో పక్క సీట్లో నిద్రపోతూ వదిన నోరు తెరిచింది, కిటికీ వెలుగు పడి ఆ తెల్లటి పళ్ళ పై అంచున చిగురు నీలంగా వాచి కనిపించింది, అంచు సరిగ్గా కూర్చోలేదు, మెడకు కాలరు ఒక పక్క లేచినట్టు లేచింది. కుట్టు తప్పు అని కూడా అనుకుంది టైలరక్క, అలవాటు కొద్దీ అనుకుని, దుప్పటి కప్పి, తనూ నిద్రపోయింది. ఎర్ర సున్నాలు నాలుగు. వాటా కాదది. నాలుగు పళ్ళు. వదినవి. తేలు కుట్టిన దొంగలా ఏడాది పాటు కిమ్మనకుండా నొప్పి భరించింది, ఎందుకంటే అరిస్తే ఎర్ర గీత గీసింది తనే అని అందరికీ తెలుస్తుంది. మరి బోర్డు మీద పెట్టె? పెట్టె కూడా నిజమే. రెండూ నిజమే.

తలుపు తెరుచుకుంది. గడ్డం లేని డాక్టరు, వెనక నర్సు, ఆవిడ చేతిలో ఇంకో సూది, కుడివైపుది. కుర్చీ మెల్లగా వెనక్కి ఒరగడం మొదలైంది. టైలరక్క ట్రాఫిక్ పోలీసులా అరచెయ్యి ఎత్తి పట్టుకుంది. రెండో చేత్తో నోట్లో దూది తీసి పళ్ళెంలో పెట్టింది. ఒరుగుతున్న కుర్చీలోంచి దిగడం అంత తేలిక కాదు, ఒక చెప్పు కుర్చీ కింద ఉండిపోయింది, నర్సు ఏదో అంటోంది, డాక్టరు చేతులు చాచి నిలబడ్డాడు, టైలరక్క మెడ చుట్టూ కట్టిన కాగితపు గుడ్డతోనే, ఒక కాలికి చెప్పుతో వరండా దాటి బయటి గదిలోకి వచ్చింది. వదిన కిటికీ పక్కన కూర్చుని ఉంది, ఒళ్ళో సంచీ, దవడ కింద చెయ్యి. చూడగానే చెయ్యి తీసేసింది.

"అదేంటే, అప్పుడే అయిపోయిందా?"

"నన్ను తీసుకొస్తే మీకేమిస్తామన్నారు వదినా?" మాటలు ఎడమవైపు జారి తడితడిగా వచ్చాయి, అర్థం కాకపోవడమంటూ లేదు.

"ఏం మాటలవి? నలుగురూ చూస్తున్నారు, లోపలికి నడు."

"నోరు తెరవండి."

"నీకేమైనా పిచ్చా—"

"తెరవండి వదినా."

ఇరవై ఎనిమిదేళ్ళలో టైలరక్క ఆ గొంతుతో వదినతో మాట్లాడింది లేదు. వదిన అటూ ఇటూ చూసి, నోరు తెరిచింది. టైలరక్క ఆవిడ గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పింది. నాలుగు పళ్ళ పైనా చిగురు నల్లబడి ఉబ్బి ఉంది, ఒకదాని అంచున సన్నటి సందు, అందులో చీము. వేలు పెట్టకుండానే వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండో నెల నుంచే." వదిన నోరు మూసుకుని, సంచీ బిగించి పట్టుకుంది. "వీళ్ళకి రాశాను. చిగురు వాపు గ్యారంటీలోకి రాదన్నారు. నాలుగూ తీసి మళ్ళీ వేయాలన్నారు, అంటే మళ్ళీ మొత్తం కట్టాలి. కొత్త మనిషిని తెస్తే మాత్రం ఊరికే వేస్తామన్నారు. నీది ఒక్క పన్నే కదా అనుకున్నానే, దవడవి రెండూ ఎలాగైనా చేయించుకునేవే కదా అనుకున్నాను. ఎనిమిదంటారని నాకు తెలియదు, ఒట్టు."

"నిన్న తెలిసింది కదా."

వదిన సంచీ వైపు చూసింది. "నిన్న తెలిసింది" అంది.

"తెలిసే సంతకం పెట్టమన్నారు."

"పెట్టమన్నాను." ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "నిద్ర లేదే నాకు. గాలి పీలిస్తే ప్రాణం పోతుంది. తప్పు చేశాను."

ఆ మాట ఆవిడ నోట వింటే ఎలా ఉంటుందోనని టైలరక్క పెళ్ళైన నాటి నుంచీ అనుకుంటూనే ఉంది, విన్నాక సంతోషం రాలేదు. కోపం మాత్రం వచ్చింది, చెయ్యెత్తేంత కోపం, నావి ఏడు మంచి పళ్ళు పెట్టి నీవి నాలుగు బాగుచేయించుకుందామనుకున్నావా అని గది అదిరేలా అరవాలనిపించింది. పెదవి సహకరించలేదు. అరుపు పక్కకు జారిపోయి, ఆ వాచిన చిగురు మాత్రం కళ్ళ ముందు మిగిలింది. తనకే జరిగుంటే ఎవరికి చెప్పుకునేది తను? ఫోనమ్మాయి పరుగెత్తుకొచ్చి ఫోను ముందుకు చాపింది. "డాక్టరు ఎదురు చూస్తున్నారు. రోగి దయచేసి కుర్చీలోకి వెళ్ళాలి" అంది ఫోను. టైలరక్క మెడలోంచి కాగితపు గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆ పిల్ల చేతిలో పెట్టింది. "వద్దు" అంది. ఫోను ఆ మాటను వాళ్ళ భాషలో చెప్పింది, అది కూడా చిన్న మాటే. నర్సు రెండో చెప్పు తెచ్చి నేల మీద పెట్టింది.

"మరి నావి?" అంది వదిన.

"చెడగొట్టినవాడి చేతికే మళ్ళీ ఇస్తారా ఎవరైనా? మన వీధి చివరాయన విప్పి చూస్తాడు. ముట్టుకోనంటే నేను ఆ ఎర్ర కుర్చీ ముందు కూర్చుంటాను, ముట్టుకునేదాకా లేవను. లేవండి ఇక."

"వాడు ఎంత అడుగుతాడో."

"అడగనివ్వండి. కొట్టు పది రోజులు మూయక్కర్లేదు, వారానికే వెళ్ళిపోతున్నాం కదా, మూడు రోజుల గిరాకీ మిగిలింది."

వదిన లేచింది, మళ్ళీ కూర్చుంది. "తమ్ముడికేం చెప్పను? పోయినేడాది నేను వెళ్ళేటప్పుడు వాడు వద్దనే అన్నాడు. జీవితాంతం నవ్వుతాడే నన్ను చూసి."

"మీరేం చెప్పక్కర్లేదు. నేను చెప్తాను. సూది చూసి భయపడి కుర్చీలోంచి లేచి పారిపోయానని చెప్తాను. నన్ను ఒంటరిగా పంపలేక మీరు కూడా వచ్చేశారు. మీ పళ్ళ సంగతి మీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పుకోండి."

"వాడు నమ్మడు. నువ్వు దేనికీ భయపడవని వాడికి తెలుసు, వీధిలో అందరికీ తెలుసు."

"నిజంగానే భయపడ్డాను వదినా."

వదిన ఆవిడ మొహంలోకి చూసి, సంచీలోంచి చేతిరుమాలు తీసి, ఎడమ చెంప తుడిచింది. ఆ చెంప తడిసి ఉందని టైలరక్కకు అప్పటిదాకా తెలియనే తెలియదు.